చప్పుడు చేయని డ్రమ్ములు

ఆ శనివారం పొద్దున హేమంత్‌కుమార్ వేసుకున్న ప్లాను చిన్నదే. టిఫిను కాగానే మహదేవపురలోని వాయిద్యాల అంగడికి వెళ్లాలి. ఒక ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్టు కొనాలి. ఇంటి ఓనరమ్మ భాగీరథమ్మ మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి దాన్ని మేడమీదికి చేర్చాలి. ఆఫీసు వార్షికోత్సవంలో డ్రమ్స్ వాయించాల్సినవాడు ఉద్యోగం మానేసి పోతే, "కాలేజీలో నేనూ వాయించేవాణ్ణి సార్" అని మేనేజరు ముందు నోరు జారాడు హేమంత్. అప్పట్నుంచీ అతనికి నిద్ర లేదు.

భయం వాయిద్యం గురించి కాదు, ఇంటి గురించి. వర్తూరులో ఆ మేడమీది వాటా దొరకడానికి మొగుడూ పెళ్లాలు తిరిగి తిరిగి చెప్పులు అరగదీశారు. శశికళ పాఠాలు చెప్పే బడి పక్క వీధిలోనే. కింద ఉండే భాగీరథమ్మ మంచి మనిషే గానీ ఆమె చెవులు మరీ మంచివి. తెల్లవారుజామున మిక్సీ వేశారని ముందు అద్దెకున్నవాళ్లను సాగనంపిన మనిషి. "ఆ డబ్బాల వల్ల ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే మీరూ మీ డబ్బాలూ పోండి, నేను మాత్రం ఇక్కడే ఉంటా" అని శశికళ ముందే తేల్చి చెప్పేసింది.

అంగడిలో భరత్ అనే కుర్రాడు ఓపిగ్గా అడిగాడు. "ఎక్కడ వాయిస్తారు సార్?"

"ఇంట్లోనే. ఎవరికీ వినబడకూడదు."

"అయితే రబ్బరు ప్యాడ్లు వద్దు సార్, టకటకమంటాయి. ఈ వలగుడ్డ ప్యాడ్లు తీసుకోండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే సౌండ్ మీకొక్కరికే." అని రెండు కిట్లు చూపించాడు. మొదటిది గొడుగులా మడిచి సంచిలో పెట్టుకునేది, కాలికింద పెడల్‌కు సుత్తి ఉండదు, ఖరీదు ఎక్కువ. రెండోది మడవడానికి రాదు, పెడల్ తొక్కితే చిన్న సుత్తి లేచి ప్యాడ్‌ను కొడుతుంది, బడ్జెట్‌లో వస్తుంది. "ఎక్కడికైనా తీస్కెళ్లేదుందా సార్? మీ అవసరమేందో ముందే తేల్చుకోండి. తర్వాత మార్చడం కుదరదు."

"ఎక్కడికీ లేదప్పా. వార్షికోత్సవానికి డ్రమ్ములు వాళ్లే తెప్పిస్తారు" అని హేమంత్ రెండోదాని ముందు కూర్చున్నాడు. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని చేతులూ కాళ్లూ ఆడించాడు. వెంట వచ్చిన శశికళ వెనక నిలబడి చెవి రిక్కించి విన్నది. "గోడకు సున్నం గీకినట్టుంది, అంతే" అని ఒప్పుకుంది. ఆ అంగడి నేలమీద ఉందనీ, దాని కింద కాపురముండేవాళ్లెవరూ లేరనీ ఇద్దరికీ తట్టలేదు.

మర్నాడు సాయంత్రం హేమంత్ తలుపులు బిగించి, లయ పట్టుకుని పెడల్ తొక్కడం మొదలుపెట్టాడు. అతని చెవుల్లో బ్రహ్మాండమైన సంగీతం. కింద భాగీరథమ్మ వంటింటి పైకప్పు మీద మాత్రం ధిమ్, ధిమ్, ధిమ్. కాసేపటికి ఆమె మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి తలుపు తట్టింది. హేమంత్ దుప్పటి తీసి కిట్టు మీద కప్పి, చెమటలు కక్కుతూ తలుపు తీశాడు.

"ఏమప్పా హేమంతూ, ఏందది? మా స్టీలు డబ్బాలన్నీ దడదడమంటా ఉండాయి!"

హేమంత్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇల్లు పోయింది, శశికళ బడి పోయింది, అన్నీ పోయాయి అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి ఘుమఘుమ వచ్చింది. మిల్లుకు పంపాలని శశికళ చారుపొడి కోసం ధనియాలూ బ్యాడిగి మిరపకాయలూ వేయిస్తోంది. భాగీరథమ్మ ముక్కు ఎగబీల్చి, అతని చెమట చూసి, తనే తేల్చుకుంది. "ఓహో, సారుపొడి దంచుతా ఉండారా? రోట్లోనా?"

హేమంత్ తల ఊపాడు. అవునని ఊపాడో, భయానికి అదే ఊగిందో అతనికే తెలియదు.

"మా అమ్మ పోయినాక ఈ చప్పుడు వినలేదప్పా" అంది ఆమె. "మిల్లుపొడి తిని తిని నాలిక చచ్చిపోయింది. నాకూ ఒక డబ్బా ఇయ్యండి."

వర్తూరు మిల్లులో పట్టిస్తే మాట బయటికి పొక్కుతుందని హేమంత్ బెళ్ళందూరు దాకా వెళ్లి పొడి పట్టించుకొచ్చాడు. భాగీరథమ్మ సారు కాచుకుని తాగి, మేడకు కేకేసింది. "మిల్లుపొడికీ దంచినదానికీ ఎంత తేడా ఉండాది చూడు!" ఆ వారంలోనే వీధిలో ఆడవాళ్లంతా డబ్బాలు పట్టుకుని రాసాగారు. శశికళ బడి నుంచి వచ్చి మిరపకాయలు వేయించడం, హేమంత్ ఆఫీసు నుంచి వస్తూ బెళ్ళందూరు మిల్లులో తుమ్ముతూ నిలబడడం అలవాటైపోయింది. ఒక రోజు ఒంట్లో బాగాలేక వాయించకపోతే కింద నుంచి ఫోను. "ఈ పొద్దు దంచలేదేమప్పా?" ఇంకో రోజు వేగంగా వాయించబోతే మళ్లీ ఫోను. "నిదానంగా దంచప్పా, పొడి బయటికి ఎగిరిపోతాది!" వార్షికోత్సవం దగ్గర పడుతోంది, హేమంత్‌కు మాత్రం రోకటి తాళం తప్ప ఇంకేదీ రావడం లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదేనని అతనికి బాగా తెలిసొచ్చింది.

ఆదివారం పొద్దున భాగీరథమ్మ ఇంకో బాంబు వేసింది. కూతురు కావ్య అత్తగారు అక్కయమ్మ హిందూపురం నుంచి వస్తోందట, తనకు పంపిన పొడి రుచి చూసి దంచడం కళ్లారా చూడాలందట. శశికళ గరిటె కింద పెట్టేసింది. "ఇంక చాలు. పోయి నిజం చెప్పేయండి. పోతే ఇల్లే కదా పోయేది." ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. హేమంత్ లేచి చొక్కా వేసుకున్నాడు.

కిందికి వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా కక్కేశాడు. డ్రమ్ములు, దుప్పటి, బెళ్ళందూరు మిల్లు, అన్నీ. "నెలాఖరుకు ఖాళీ చేసేస్తాం అమ్మా" అని కూడా అన్నాడు.

భాగీరథమ్మ మొహం పాలిపోయింది. కోపంతో కాదు. "ఖాళీ చేస్తే దంచేదెవరప్పా?" అంది గుసగుసగా. "ఆ పొడి నేనే నా చేత్తో దంచినానని ఆ యమ్మకు చెప్పుకొని ఉండా. నా కూతురు ఆ ఇంట్లో ఉండాది. పరువు పోతాది!" వాకిట్లో ఆటో ఆగిన చప్పుడైంది. "బేగ పో పైకి. ఆ సుత్తితో కొట్టు. ఆపమాక!"

హేమంత్ రెండేసి మెట్లు ఎక్కాడు. కింద భాగీరథమ్మ వంటింటి తలుపు ఓరగా వేసి, వాళ్లమ్మ కాలంనాటి రోటి ముందు రోకలి పట్టుకుని నిలబడింది. పైన ధిమ్, ధిమ్, ధిమ్. ఘాటుకు తట్టుకోలేవని ఆమె ఆపేస్తే, అక్కయమ్మ హాల్లో సోఫా మీద కూర్చుని వింటోంది. "అబ్బా, ఈ వయసులో ఎంత బలమో వదినా నీకు!" అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలుకు భాగీరథమ్మ పొంగిపోయింది. పొంగిపోయి, రోకలి గోడకు ఆనించి, కాఫీ కలుపుకుని నవ్వుతూ హాల్లోకి వచ్చింది.

ధిమ్, ధిమ్, ధిమ్.

అక్కయమ్మ కాఫీ అందుకుని వియ్యపురాలి వైపు చూసింది, వంటింటి వైపు చూసింది, తర్వాత తలెత్తి పైకప్పు చూసింది. "కాఫీ ఇస్తా ఉండేది నువ్వు. మరి దంచేదెవరు వదినా?"

అక్కయమ్మ కాఫీ అంతా తాగి, లేచి మేడమెట్లు ఎక్కింది. వెనకే భాగీరథమ్మ. తలుపు తెరుచుకునేసరికి హేమంత్ కాలు గాల్లోనే ఆగిపోయింది. అక్కయమ్మ కిట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చెప్పు విడిచి, పెడల్‌ను ఒక్కసారి తొక్కింది. ధిమ్. ఆమె మొహం వెలిగిపోయింది.

"నేను మీకు పంపే చట్నీపొడి ఉండాదే వదినా, అదీ మిల్లుదే" అంది. తర్వాత హేమంత్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "వచ్చే వారం మా ఆడబిడ్డ దిగుతా ఉండాది, నేను దంచేది చూస్తానని. ఏం నాయనా, ఇది మడిస్తే హిందూపురం బస్సులో పడుతుందా?"

ఎక్కడికైనా తీసుకెళ్లేదుందేమో కొనేముందే తేల్చుకోమని అంగడిలో భరత్ ఊరికే చెప్పలేదు.