కోడలుగారి పొగ కార్యక్రమం

శనివారం పొద్దున టిఫిన్ ప్లేట్లు ఇంకా బల్ల మీద ఉండగానే కోడలు ఆ రోజు పని చెప్పేసింది. సాయంత్రం ఎండ తగ్గాక తను చేసిన బొమ్మ యుద్ధట్యాంకును కింద సెల్లార్లోకి తీసుకెళ్ళాలి, పొగతో సహా ఒక చుట్టు నడిపి చూడాలి. మర్నాడు మోడల్ క్లబ్బువాళ్ళ ప్రదర్శన.

"ఏవండీ, మీరు బకెట్టు నీళ్ళతో పక్కన నిలబడాలి," అంది భర్తతో.

"ఎందుకు? అంటుకుంటుందా?"

"అంటుకోదు. ఊరికే నిలబడితే మీకు తోచదని."

భర్త బస్సుల కంపెనీలో టైమ్‌టేబుళ్ళు వేసే ఉద్యోగి. వేసిన టైముకు ఏ బస్సూ రాకపోయినా నిబ్బరంగా ఉండటం అలవాటైన మనిషి. సరేనని తలూపి ప్లేటు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళాడు.

కోడలు దంతవైద్యుల ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తుంది. ఎవరి చిగుళ్ళకు ఎంత వంపు కావాలో వేలితో తడిమి చెప్పగలదు. ఆ వేళ్ళతోనే, చెప్పుల పెట్టెంత ట్యాంకును రిమోట్‌తో నడిచేలా తయారుచేసింది. గొలుసు చక్రాల్లో ఒక్కో లంకెనూ విడిగా ఆకురాయి పట్టింది. పైన బురుజు తిరుగుతుంది, ఫిరంగి గొట్టం లేస్తుంది, దీపాలు వెలుగుతాయి. కిందటేడు ప్రదర్శనలో న్యాయనిర్ణేత ఒకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నీ ఉన్నాయమ్మా, ఇంజన్ ఉన్నట్టు మాత్రం అనిపించట్లేదు," అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ మాట ఆమెకు ఏడాదంతా చెవిలో జోరీగలా మోగింది.

అందుకే పొగ. మొదటిసారి దూది వత్తి పెడితే అది కాస్తా మాడి, ఇల్లంతా కంపు కొట్టింది. రెండోసారి నూనె కారి భర్త ప్యాంటు పాడైంది. మూడోసారి కుదిరింది. అరచేతిలో పట్టే రేకు డబ్బా, లోపల ఇస్త్రీపెట్టెలో ఉండేలాంటి సన్నని తీగచుట్ట, దాని మధ్యలో మాడిపోని గాజునార వత్తి, గ్లిజరిన్ కలిపిన నీళ్ళు, వెనక పాత కంప్యూటర్లోంచి పీకిన బుల్లి ఫ్యాను. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఆమె గొప్పంతా ఆ తర్వాతి పనిలో ఉంది. ఫ్యానును ట్యాంకు మోటారుతో ముడిపెట్టింది. నెమ్మదిగా పోతే పొగ సన్నగా, నూలుపోగులా వస్తుంది. వేగం పెంచితే గుప్పుమని చిక్కబడుతుంది. అచ్చం బరువు లాగుతున్న ఇంజన్ లాగే.

ఈ సంగతి ఆమె కంటే ఎక్కువసార్లు చెప్పుకున్నది అత్తగారు. ఆవిడ ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో గడిచింది. రిటైరైనా, ఒకరి మాట ఇంకొకరికి కలపందే ఆవిడకు పొద్దు పోదు. "ఎవరి కోడలు ట్యాంకు చేసిందో చెప్పమను చూద్దాం!" అని సవాలు చేసేది. ఎవరూ చెప్పలేకపోయేవారు. దాంతో ఆవిడకు మరీ హుషారు.

ఆ పొద్దున పాలకని కిందికి దిగుతూ, లిఫ్టులో కనబడ్డ పైఅంతస్తు టైలరమ్మతో అత్తగారు అసలు విషయం బయటపెట్టింది.

"మా కోడలు పొగ మిషన్ తయారుచేసిందమ్మా! సొంతంగా! సాయంత్రం కింద వదుల్తుంది. ముందు సెల్లార్లో, తర్వాత బిల్డింగు చుట్టూ!"

ఆవిడ కింద దిగగానే, సెల్లారుకు పోవాల్సిన టైలరమ్మ మీద లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. ట్యాంకు అన్న మాట తలుపులకు ఇవతలే ఉండిపోయింది.

టైలరమ్మ మోచేతుల దాకా దద్దుర్లే. భవనం వెనక మురుగుకాలువ ఒకటుంది. దాని పుణ్యమా అని ఆ భవనంలో దోమలు మనుషులకన్నా ఆరోగ్యంగా ఉండేవి. అసోసియేషన్ సెక్రటరీ ప్రతి మీటింగులోనూ పొగ మందు కొట్టిస్తానని మాటివ్వడం, అందరూ గోక్కుంటూ చప్పట్లు కొట్టడం మామూలే. కాబట్టి పొగ అనగానే టైలరమ్మకు ఇంకో అర్థం తోచలేదు. నేరుగా సెక్రటరీ కళ్ళజోళ్ళ షాపుకు ఫోన్ చేసింది.

"చెప్పకుండానే ఏర్పాటు చేశారే! మీరు మాటంటే మాటేనండీ!"

సెక్రటరీకి ఏమీ అర్థం కాలేదు. అయినా పొగడ్తను వెనక్కి పంపే అలవాటు ఆయనకు లేదు. "చేశాంగా మరి," అన్నాడు. తర్వాత, దేన్ని చేశాడో తెలుసుకుందామని కోడలుగారింటికి ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తింది అత్తగారు.

"అమ్మా, పొగ సంగతి నిజమేనా?"

"నూటికి నూరుపాళ్ళు!"

"మనుషులకి ప్రమాదమేం లేదు కదా?"

"దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టకపోతే చాలు. కొంచెం వేడిగా ఉంటుంది."

"గట్టిగా పనిచేస్తుందంటారా?"

"పనిచెయ్యకపోవడమేంటి! మొన్న వంటింట్లో పెట్టి చూస్తే మా అబ్బాయే దగ్గుకుంటూ బయటికి పరిగెత్తాడు!"

ఆరడుగుల మనిషే పరిగెత్తితే దోమలెంత అనుకున్నాడు సెక్రటరీ. కౌంటరు మీదున్న ఫోన్ తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో సందేశం పెట్టాడు. 'మన కోడలుగారు స్వయంగా తయారుచేసిన యంత్రంతో ఈ సాయంత్రం పొగ కార్యక్రమం. మీ కార్యవర్గం కృషి ఫలితం. అందరూ కిందికి వచ్చి సహకరించవలెను.' దాని కిందనే ఇంకొకటి, కిటికీలు మూసుకోమనీ, గిన్నెల మీద మూతలు పెట్టుకోమనీ.

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని మొదటిది చదివింది. రెండోదాని జోలికి పోయే ఓపిక ఆనందంలో ఎక్కడుంటుంది? ఫోన్ పట్టుకుని కోడలి గదిలోకి పరిగెత్తింది.

"చూడవే, నీ గురించే! బిల్డింగంతా వస్తోందట!"

అత్తగారి బొటనవేలు కిందున్న రెండో సందేశాన్ని కప్పేసింది. కోడలు మొదటిది చదివింది. మళ్ళీ చదివింది. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేసింది. ఇరుగుపొరుగుల్లో ఒక్కరు కూడా ఇన్నాళ్ళలో ఆ ట్యాంకు వైపు తిన్నగా చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు అందరూ రావడమా?

"అంతమందికి ఈ కాస్త పొగ ఆనదు అత్తయ్యా. తీగచుట్ట ఇంకోటి వేస్తాను. బ్యాటరీ పెద్దది పెడతాను."

"వెయ్యి! నీ చేతికి అడ్డేముంది!"

"ఇప్పుడున్నది చక్కగానే వస్తోంది కదా?" అన్నాడు భర్త గుమ్మం దగ్గర్నుంచి.

తల్లీ, భార్యా ఒకేసారి తిరిగి చూశారు. ఆయన బకెట్టు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం సెల్లారు జనంతో నిండిపోయింది. అందరి ముక్కులకూ రుమాళ్ళు. ఒకాయన చంటిదాన్ని ఎత్తుకున్నంత జాగ్రత్తగా చేపల గాజుతొట్టి ఎత్తుకుని నిలబడ్డాడు. ఇంకొకావిడ చిలుక పంజరానికి తడి తువ్వాలు చుట్టింది. సెక్రటరీ మెట్ల మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా! మనల్ని కంటిమీద కునుకు లేకుండా చేసి, మన రక్తం తాగి బలిసిన శత్రువు మీద ఈ రోజు మనం యుద్ధం ప్రకటిస్తున్నాం!"

చప్పట్లు మోగాయి. లిఫ్టులోంచి దిగుతున్న కోడలు ఆ మాటలు విని, బొమ్మ ట్యాంకుకు ఇది కాస్త ఎక్కువేమో అనుకుంది. అయినా సందర్భానికి తగ్గట్టే ఉందని సంతోషించింది. వెనక అత్తగారు, ఆవిడ వెనక బకెట్టుతో భర్త. కోడలు తువ్వాలు తీసి ట్యాంకును నేల మీద పెట్టింది.

సెక్రటరీ వంగి చూశాడు. "మిషన్ ఏదమ్మా?"

"ఇదేనండీ."

"ఇంతేనా?"

"అసలుదాంట్లో పదహారో వంతు కదండీ."

"అలాగా," అన్నాడాయన గొంతు తగ్గించి. "మిగతా పదిహేను వంతులు ఎప్పుడొస్తాయి?"

పరాచికమాడుతున్నాడనుకుని ఆమె నవ్వింది. రిమోట్ మీద బొటనవేళ్ళు పెట్టింది. ట్యాంకు గరగరమంటూ కదిలింది. వెనక గొట్టంలోంచి సన్నని తెల్లటి పోగు లేచింది. ఆమె వేగం పెంచింది. పొగ గుప్పున చిక్కబడింది. కుడి స్తంభం దగ్గర ట్యాంకు ఒక గొలుసు మీద నిలిచి గిరుక్కున తిరిగితే పొగ కూడా వలయంగా తిరిగింది. కోడలి వీపు తనంతట తానే నిటారైంది. ఏడాది కష్టం కళ్ళముందు నడుస్తోంది. ఎక్కడా ఒక్క వంక లేదు.

అప్పుడు రెండో తీగచుట్ట వేడెక్కింది.

తర్వాత వచ్చింది గొట్టంలోంచి రావాల్సిన పొగ కాదు. బురుజు సందుల్లోంచి, చక్రాల మధ్యలోంచి, ఎటు వీలైతే అటు నుంచి వచ్చింది. ముందు ట్యాంకు మాయమైంది. తర్వాత స్తంభాలు. ఆ తర్వాత సెక్రటరీ, మెట్లతో సహా. తెల్లటి మబ్బులో గరగర చప్పుడు ఒక్కటే వినబడుతోంది. అది ఎటు పోతోందో నడిపేవాళ్ళకే తెలియదు.

"అయ్యో, నా కాలు!" అన్నాడు సెక్రటరీ ఎక్కణ్ణుంచో.

కోడలు చటుక్కున వేగం తగ్గించింది. కానీ జనం పారిపోలేదు. రుమాళ్ళు అదుముకుని దగ్గరికి జరిగారు.

"ఇటు కూడా పోనీ అమ్మా!"

"వెనక కాలువ గట్టున ఒక రౌండు!"

"మా కార్ల మూల వదిలెయ్యకు తల్లీ, అసలు అడ్డా అదే!"

ఆమె ఉప్పొంగిపోయింది. ట్యాంకు కనబడకపోయినా ఇంత అభిమానమా! అంతలో పక్కన టైలరమ్మ గొంతు మెల్లిగా వినిపించింది.

"గుడ్లు కూడా చస్తాయా అమ్మా?"

"ఏం గుడ్లు?"

"దోమ గుడ్లు."

కోడలి వేళ్ళు రిమోట్ మీద బిగుసుకుపోయాయి. రుమాళ్ళు, చేపతొట్టి, శత్రువు, రక్తం, అన్నీ వరసగా వచ్చి ఆమె తలలో కూర్చున్నాయి. స్విచ్చి కట్టేసింది. మబ్బులోంచే గట్టిగా అరిచింది.

"ఇది దోమల మందు కాదండీ! ట్యాంకు! ఉత్త గ్లిజరిను, నీళ్ళు! దీనికి దోమ కాదు కదా, దోమ మీసం కూడా కదలదు!"

పొగ మెల్లగా పలచబడింది. ఒక్కొక్క మొహమే బయటపడింది. సెక్రటరీ నీళ్ళు నములుతూ అత్తగారి వైపు తిరిగాడు.

"మీరేగా అమ్మా చెప్పారు?"

"నేను పొగ అన్నాను. దోమ అన్నానా?" అంది అత్తగారు.

ఇక కొట్టడమే తరువాయి అనుకుని భర్త బకెట్టును రెండు చేతులతో పట్టుకున్నాడు. అప్పుడు చేపతొట్టి ఆయన ముందుకొచ్చి, తొట్టిలోకి చూసి, తల ఎత్తాడు.

"చేపలకి ఏమీ కాలేదు! విషం లేకుండా దోమల్ని చంపే మందు! ఇది కదా కావాల్సింది!"

"ఉత్త గ్లిజరినట! ఎంత అణకువో చూడండి," అంది టైలరమ్మ. "ఫార్ములా ఎవరైనా బయటికి చెబుతారా?"

చప్పట్లు మొదలై ఇక ఆగలేదు. కోడలు ఎంత కాదంటే అంత మెచ్చుకున్నారు. సెక్రటరీ తేరుకుని, కార్యవర్గం తరఫున రెండు మాటలు కూడా మాట్లాడాడు. జనం మెట్లెక్కి వెళ్ళిపోయాక ట్యాంకు ఒక స్కూటరు చక్రానికి ముక్కు ఆనించి ఉంది. కోడలు దాన్ని ఎత్తుకుని మెట్టు మీద కూలబడింది.

"ఒక్కరూ చూడలేదు అత్తయ్యా. గొలుసు చూడలేదు, బురుజు చూడలేదు."

అత్తగారు పక్కన కూర్చుంది. కొంగుతో ట్యాంకు మీది తడి తుడిచింది.

"నాకు ట్యాంకుల సంగతి తెలీదే అమ్మాయ్," అంది చివరికి. "కానీ ఆ స్తంభం దగ్గర గిరుక్కున తిరిగినప్పుడు పొగ చిక్కబడింది చూడు, అప్పుడు బరువు పడ్డట్టనిపించింది. లోపల నిజంగా ఇంజనున్నట్టే."

కోడలు చటుక్కున తలెత్తింది. వెంటనే లేచి, రెండో తీగచుట్ట విప్పడానికి లిఫ్టు వైపు నడిచింది.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో సెక్రటరీ, ఆయన వెనక సగం భవనం. ఒక్కరినీ ఒక్క దోమ కూడా కుట్టలేదట. అందరూ కిటికీలు మూసుకు పడుకున్నారు కనక కుట్టలేదని కోడలు చెప్పి చూసింది. ఎవరూ చెవిన పెట్టలేదు. పొగలో ఏముందో తెలిసి, కిటికీలన్నీ బార్లా తెరుచుకుని పడుకున్న ఇల్లు ఆ భవనంలో ఒక్కటే. అత్తగారు దద్దుర్లెక్కిన చేతులు వెనక్కి పెట్టుకుని, భవనం తరఫున అభినందనలు అందుకుంది.

ఆ రోజు సాయంత్రమే రెండో విడత పొగ కావాలన్నారు. ప్రదర్శన ఉంది, కుదరదంటే, అయితే మేమూ వస్తామని రెండు కార్లలో బయల్దేరారు.

క్లబ్బు హాల్లో ట్యాంకు వంతు వచ్చింది. ఒకే తీగచుట్ట, పాత బ్యాటరీ. సన్నని పోగుతో బయల్దేరి, ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు గుప్పుమని చిక్కబడి, దిగేటప్పుడు మళ్ళీ పలచబడింది. కిందటేటి న్యాయనిర్ణేత మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకు ఆనించి చూశాడు. లేచి, ఇంకోసారి దిబ్బ ఎక్కించమని అడిగాడు. తర్వాత ఇంకోసారి. మొదటి బహుమతి ఆమెదే. అత్తగారు హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ, అది ఎవరి కోడలో చెప్పి వచ్చింది. భర్త రెండు చేతులూ ఖాళీగా ఉండటంతో ఈసారి గట్టిగా చప్పట్లు కొట్టాడు. కోడలు వేదిక ఎక్కుతుంటే ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇక్కడ, కనీసం ఇక్కడ, అందరూ చూసింది ట్యాంకునే.

క్లబ్బు అధ్యక్షుడు షీల్డు చేతికిచ్చి, మనసారా అభినందించి, ముందు వరసలో కూర్చున్న సెక్రటరీ వైపు ఒకసారి చూసి, హాల్లో బొద్దింకలు కొంచెం ఎక్కువగా ఉన్నాయని ఆమె చెవిలో చెప్పాడు.