కస్తాన్ గారి నాలుక

ఆదివారం పొద్దున ఓడిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. గొర్రె తొడ కాల్చాలి, మంచి వైన్ పోయాలి, భోజనం ముగిసేలోగా కస్తాన్ గారి నోట "కొట్టు మీదే" అనిపించాలి. బోర్డో నగరంలో నది ఒడ్డున ఆయన మూలకొట్టు ఖాళీగా ఉంది. అందులో జున్ను దుకాణం పెట్టాలని ఓడిల్ ఎన్నాళ్ల నుంచో కలలు కంటోంది. కస్తాన్ గారికి ఒక్కటే పట్టింపు: అబద్ధమాడే మనిషికి తాళంచెవి ఇవ్వరు.

మొగుడు బస్తియన్, మోంబ్రెయాక్ అనే ద్రాక్షతోట వారి రెండో వైన్ తెచ్చాడు. అదే తోట, అవే చేతులు, కాకపోతే లేత తీగల ద్రాక్ష. ఆ తోట పెద్ద వైన్ కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి. దీనికైతే జేబు తడుముకుంటే చాలు. ఊరి ఆనవాయితీ ప్రకారం దాన్ని గాజు కూజాలోకి వంపి, సీసా దాచేశారు. రుచి చూసి పేరు చెప్పడం అతిథి వంతు.

కస్తాన్ గారు ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నారు. "మోంబ్రెయాక్! అదీ పెద్ద వైనే! నా కోసం ఇంత ఖరీదైన సీసా తెరిచారటయ్యా!" అంటూ కళ్లొత్తుకున్నారు.

బస్తియన్ కాదనబోయాడు గానీ గొంతుకు మాంసం ముక్క అడ్డుపడింది. దగ్గుతూ తల ఆడించాడు. అది అచ్చం అవునన్నట్టే ఉంది. పెద్దాయన అంత మురిసిపోతుంటే ఓడిల్ ఆయన గ్లాసు మళ్లీ నింపింది.

"ఏదీ, ఆ బిరడా ఇలా ఇవ్వమ్మా. గుర్తుగా దాచుకుంటా."

బిరడా మీద రెండో వైన్ పేరు అచ్చేసి ఉంది. ఓడిల్ దాన్ని గుప్పిట్లో దాచేసింది. "అది... మా కుక్క మింగేసిందండీ!"

"అయ్యయ్యో! ఇంకా చూస్తూ కూర్చున్నారేంటి? డాక్టర్ని పిలవండి!"

"ఆదివారం ఎవరొస్తారండీ?"

"నా నేస్తం గోంట్రాన్ వస్తాడు. వేటకుక్కల్ని పెంచి పెంచి సగం డాక్టరయ్యాడు. పైగా ఈ వైన్ వాడి తోటదేగా!" కస్తాన్ గారు అప్పుడే ఫోను తీశారు.

మోంబ్రెయాక్ యజమాని గోంట్రాన్ పరుగున వచ్చి వాలాడు. కుక్క పొట్ట నొక్కి చూస్తే అది హాయిగా తోకాడించింది. "దీనికేం ఢోకా లేదురా," అన్నాడు.

"అయితే కూర్చో, నీ వైనే తాగు."

ఒక్క గుక్కకే గోంట్రాన్ మొహం ఎర్రబడింది, ఆపైన పాలిపోయింది. ఓడిల్ ఇక తట్టుకోలేకపోయింది. కొట్టు పోతే పోయింది, ఈ అబద్ధం మొయ్యడం తన వల్ల కాదనుకుంది.

"క్షమించండి కస్తాన్ గారూ. అది పెద్ద వైన్ కాదు, రెండోది. కుక్క కూడా ఏమీ మింగలేదు."

"ఊరుకోమ్మా! ఇరవై ఏళ్లుగా వీడింట్లో ప్రతి పండక్కీ పెద్ద వైన్ కూజాలోంచి తాగుతున్నా. అచ్చం ఇదే రుచి. నా నాలుక అబద్ధమాడదు."

ఓడిల్ దాచిన సీసా తెచ్చి ముందు పెట్టింది. కస్తాన్ గారు సీసాను చూశారు, గ్లాసును చూశారు, మెల్లగా తల తిప్పి స్నేహితుణ్ని చూశారు. గోంట్రాన్ వంగి కుక్కను నిమరసాగాడు.

"ఒరేయ్ గోంట్రాన్..."

"మరేం చెయ్యమంటావురా? వచ్చావంటే కూజా మీద కూజా ఖాళీ చేస్తావు. పెద్దది పోస్తే నేను తోట అమ్ముకోవాలి!"

కస్తాన్ గారు కాసేపు ఉడికిపోయారు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి ఓడిల్ చేతిలో పెట్టారు. "నువ్వు భోజనం అయ్యేలోపే నిజం చెప్పేశావమ్మా. వీడికి ఇరవై ఏళ్లు చాల్లేదు."

మర్నాడు గోంట్రాన్ సిగ్గుపడి అసలైన పెద్ద వైన్ ఒక పెట్టె పంపించాడు. కస్తాన్ గారు ఒక గుక్క తాగి మొహం చిట్లించి, ఇందులో ఏదో తేడా కొడుతోందంటూ, కూరల్లోకి వాడుకోమని పెట్టె మొత్తం ఓడిల్‌కు పంపేశారు.