సూపరింటెండెంటు గారి అభయహస్తం

ఆ ఉదయం డాక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎముకల వార్డు తలుపు హ్యాండిల్‌కి కాస్త పొడి పూయాలి, సాయంత్రం దాకా నోరు మెదపకుండా ఉండాలి. మామూలు వెలుతురులో కంటికి ఆనని పొడి అది. ఊదారంగు దీపం వేస్తే మాత్రం మెరుస్తుంది. ఆ పొడి చేతుల మీదుగా ఎక్కడెక్కడికి చేరిందో చూపిస్తే, వార్డులో వాంతులు తెస్తున్న వైరస్ కూడా అదే దారిన పోతుందని అందరూ ఒప్పుకుంటారని ఆవిడ ఆశ.

కాలు విరిగి చేరిన దర్జీకి రెండు రోజులుగా వాంతులు. పక్క మంచానికీ అవే. చివరి మంచం మీది ముసలామె అయితే నీరసించి కళ్ళే తెరవడం లేదు. "బయటి తిండి తినుంటారు" అని సూపరింటెండెంటు తేల్చేశారు. తలుపులూ మంచం కమ్మీలూ తుడవాలనీ, చేతులు కడగాలనీ డాక్టరమ్మ పట్టుబడితే, "చేతులు కడుక్కోవడం మీరు నాకు నేర్పుతారా" అని నవ్వారు.

పొడి పూస్తూ డాక్టరమ్మ పెద్ద సిస్టర్‌తో, "ఇది వైరస్ అనుకోండి. హ్యాండిల్‌కి పూసేశాను. సాయంత్రానికి ఎంతమందికి అంటుకుంటుందో చూద్దాం" అంది. అటుగా పోతున్న లిఫ్టు ఆపరేటరు చెవిన "అనుకోండి" తప్ప మిగిలినవన్నీ స్పష్టంగా పడ్డాయి.

లిఫ్టు కిందికి దిగేసరికి డాక్టరమ్మ హ్యాండిల్‌కి వైరస్ పూసింది. తిరిగి పైకి వచ్చేసరికి సీసాలకొద్దీ తెచ్చి ఆసుపత్రంతా పూసింది. ఇక ఆ తలుపును చేత్తో ముట్టుకున్నవాడు లేడు. కొందరు మోచేత్తో నెట్టారు, కొందరు వీపుతో తోశారు. ఒకాయన కాలితో తన్నబోయి చెప్పు పోగొట్టుకున్నాడు. కుళాయిల దగ్గర జనం చర్మం ఊడేలా చేతులు రుద్దుకుంటున్నారు. ఎవరూ చెప్పకుండానే చుట్టాలు మంచం కమ్మీలు తుడిచేస్తున్నారు.

"ఇన్నాళ్ళూ బతిమాలితే వినలేదు, ఇవాళే కడగాలా వీళ్ళు" అంది డాక్టరమ్మ దిగులుగా. "నా ప్రయోగం బూడిదలో పోసినట్టే సిస్టర్."

అప్పుడే సూపరింటెండెంటు మెట్లెక్కి వచ్చారు. "ఎవరికీ భయమక్కర్లేదు. ఇదిగో, నేనే పట్టుకుంటున్నాను" అంటూ హ్యాండిల్‌ని రెండు చేతులా ఒడిసిపట్టి, అటూ ఇటూ తిప్పారు. ఆ ఊపులోనే లోపలికొచ్చి దర్జీ నుదురు నిమిరారు.

"నాకేం భయం లేదు సార్, చెయ్యి తియ్యండి" అన్నాడు దర్జీ.

ఆయన తియ్యలేదు. దిండ్లు సర్దారు, మంచినీళ్ళ గ్లాసు అందించారు, మధ్యమధ్య మీసం సవరించుకున్నారు. ముసలామె మంచం దగ్గరికి రాగానే డాక్టరమ్మ అడ్డంగా నిలబడింది.

"ఆవిణ్ణి ముట్టుకోకండి సార్."

"నన్నే ఆపుతారా?"

"ఆపుతాను."

"అందరి ముందూ క్షమాపణ చెప్పండి. లేకపోతే రేపట్నుంచి ఉద్యోగంలోకి రానక్కర్లేదు" అన్నారాయన, ముఖం కందగడ్డ చేసుకుని.

"చెప్పను. కావాలంటే ఉద్యోగం తీసేయండి. ఒక్కసారి ఆ కిటికీ తెరలు దించనివ్వండి, చాలు."

సిస్టర్ తెరలు దించి లైట్లు ఆర్పింది. డాక్టరమ్మ ఊదా దీపం వెలిగించింది. చుట్టూ ఉన్న జనం చేతుల్లో చుక్క మెరుపు లేదు. దర్జీ నుదుటి మీద మాత్రం అయిదు వేళ్ళు వెలిగాయి. దిండ్ల మీద, గ్లాసు అంచున, మంచం నుంచి మంచానికి దారి వేసినట్టు మెరుపు సాగి, ముసలామె మంచానికి అడుగు దూరంలో ఆగింది. అక్కడ చీకట్లో ఒక మీసం ధగధగలాడుతోంది.

ఆయన తన అరచేతుల్ని చాలాసేపు చూసుకున్నారు. తర్వాత కుళాయి వైపు నడిచారు.

వారం తిరక్కుండానే వాంతులు తగ్గుముఖం పట్టాయి. ముసలామె కళ్ళు తెరిచి, జుట్టు దువ్వుకోలేదని కూతుర్ని తిట్టింది. ఆ ప్రయోగం తన ఆలోచనేనని సూపరింటెండెంటు పై అధికారులకు చెప్పుకున్నారు. డాక్టరమ్మ కాదనలేదు, ఎలాగూ అందులో ఎక్కువ పని చేసింది ఆయనే.