ఖాళీ తుపాకీ, బీరువా వెనక కుర్చీ

మనిషన్నాక రోజుకోసారైనా తుపాకీకి ఎదురుగా నిలబడాలి. ఒంటికి ఎంత మంచిదో! నవ్వకండి, సాక్ష్యం ఉంది.

మా వీధి చివర తుపాకుల షాపు. కౌంటర్లో ఒక సేల్స్ అక్క. కొనడానికొచ్చినవాడు తుపాకీ చేతికందగానే ఏం చేస్తాడు? ఒక కన్ను మూసి గురి చూస్తాడు. ఎవరికి? ఎదురుగా ఉన్నది ఆవిడే కదా! "టప్"మని ట్రిగ్గర్ నొక్కి, "బాగుందే!" అంటాడు. పొద్దంతా అలా చచ్చి, సాయంత్రం ఇంటికెళ్ళి వంట చేసుకునే భాగ్యం ఎందరికి దక్కుతుంది? యముడికి కూడా ఆవిడ మొహం అలవాటైపోయి, ఎదురుపడితే కుశలం అడిగి వెళ్ళిపోతున్నాడట!

అంత భాగ్యాన్ని కాలదన్నుకుని, ఆవిడ ఓనరు గారిని ఒక కోరిక కోరింది.

"పక్కగోడకి ఇసుక పెట్టె బిగించి, గుండ్రంగా గురి గీయించండి. నా మీద కాకుండా దాని మీద గురి చూసుకుంటారు."

"ఖాళీ తుపాకీకి భయమేంటమ్మా? ఇష్టం లేకపోతే మానెయ్!"

మానేస్తే ఇల్లు గడవదు. అందుకని ఫిర్యాదు పెట్టింది.

విచారణకి మా అల్లుడు వెళ్ళాడు. కార్మికుల భద్రతాశాఖలో ఇన్‌స్పెక్టరు లెండి. ఓనరు గారు గొలుసులు, తాళాలు, కెమెరాలు అన్నీ చూపించారు.

"ఒక్క తుపాకీకి గీత పడలేదు సార్!"

నిజమే. తుపాకులు క్షేమం. అల్లుడు చుట్టూ చూశాడు. ఫ్యాను కౌంటర్ మీదుంది. ఓనరు గారి కుర్చీ మాత్రం ఇనప బీరువా వెనకుంది. చీకటి, ఉక్క. పాపం, చొక్కా తడిసి ముద్దయింది.

"అక్కడెందుకండీ? ఇటు హాయిగా గాలొస్తోందిగా!"

"నాకు గాలి పడదు సార్. జలుబు."

అంతలో బుర్రమీసాల పెద్దమనిషి ఒకాయన వచ్చి జోడు గొట్టాల తుపాకీ అడిగాడు. సేల్స్ అక్క తీసి ఇచ్చింది.

"ఇలా కౌంటర్ దగ్గరికొచ్చి విచారణ కాగితం మీద సంతకం పెట్టండి," అన్నాడు అల్లుడు ఓనరు గారితో.

"కాగితం ఇటివ్వండి సార్."

"తుపాకీ ఖాళీదేగా?"

"ఖాళీదే! ఖాళీదే కానీ..."

నసుగుతూనే వచ్చారు ఓనరు గారు. మీసాలాయన ఒక కన్ను మూశాడు.

టప్!

ఓనరు గారు కౌంటర్ కింద బోర్లా పడున్నారు. సేల్స్ అక్క వంగి చూసింది.

"లేవండి ఓనరు గారూ, అయిపోయింది. మొదటిసారి అలాగే ఉంటుంది."

అల్లుడు రాసిన ఉత్తర్వు ఒక్కటే: రేపటినుంచి ఓనరు గారి కుర్చీ కౌంటర్లో, సేల్స్ అక్క పక్కన వెయ్యాలి.

మర్నాడు షాపు తెరిచేసరికి పక్కగోడకి ఇసుక పెట్టె, ఎర్రటి గురి, పైన బోర్డు: "దయచేసి ఇటు తిప్పండి." ఏళ్ళ తరబడి కుదరని పని రాత్రికి రాత్రే కుదిరింది! ఫ్యాను గాలికి కూర్చున్నాక ఓనరు గారి జలుబు కూడా ఎగిరిపోయింది.

చూశారా, తుపాకీకి ఎదురు నిలబడటం ఎంత మంచిదో! కాకపోతే నిలబడేది ఓనరై ఉండాలి.

అప్పట్నుంచి మా అల్లుడికి ఒక పిచ్చి పట్టుకుంది. ఎక్కడ ఎవరు "ఏం ఫరవాలేదు" అన్నా, ముందు ఆయన కుర్చీ ఎక్కడుందో వెతుకుతాడు.

విడ్డూరం కాకపోతే, ప్రతిచోటా అది బీరువా వెనకే దొరుకుతోంది!