హార్లన్ పొయ్యిలో మాయమైన మాంసం

"నేరం ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో, అక్కడ లాంబర్ట్ కుబేనా నీడ పడుతుంది! టెక్సస్ గడ్డ మీద నా కళ్ళు కప్పగల నేరస్తుడు ఇంకా పుట్టలేదమ్మా వెర్నెల్. పుట్టినా నడక నేర్చుకోలేదు!"

ఈ మాటలంటూ పక్కింటి లాంబర్ట్ పెరటి గేటు తోసుకుని వచ్చాడు. గేటు గొళ్ళేనికి తగులుకుని అతని చొక్కా జేబు చిరిగింది. ముప్పై ఏళ్ళు ఊళ్ళో నీటి మీటర్లు చదివి రిటైరైన మనిషి. పోస్టులో డిటెక్టివ్ సర్టిఫికెట్ తెప్పించుకుని మూడు నెలలైంది. ఇంతవరకు పట్టుకున్న నేరస్తుడు ఒక్కడే. అది ఒక మేక.

వెర్నెల్ అతన్ని పిలవలేదు. "అయ్యో, నా మాంసం!" అని ఒక్క కేక వేసింది, అంతే.

ఆమె ఎదురుగా ఉన్నది భర్త హార్లన్ పొగపొయ్యి. పాత ఆయిల్ పైపు కోసి తన చేత్తో వెల్డింగ్ చేసుకున్నాడు. ఒక పక్క కట్టెలు మండే నిప్పుల పెట్టె, దాన్ని ఆనుకుని మాంసం పెట్టే పొడవాటి పీపా, ఆ చివర పొగగొట్టం. హార్లన్ పోయి ఇవాళ్టికి ఏడాది. ఫైర్ స్టేషన్లో అతని పేరున పెట్టే భోజనానికి బ్రిస్కెట్ తానే చేస్తానని వెర్నెల్ పట్టుబట్టింది. పద్నాలుగు పౌండ్ల గొడ్డు రొమ్ము కండ. మరిది ఎమ్మెట్ నవ్వాడు.

"నిప్పు కాయడం నీవల్ల కాదు వదినా. మాంసం చెడితే మాత్రం అన్నయ్య పొయ్యి మా ఇంటికొస్తుంది."

"చెడితే తీసుకుపో," అంది.

నిన్న సాయంత్రం నుంచి ఓక్ కట్టెలు ఒక్కొక్కటే వేస్తూ, పొగ పలచగా నీలంగా వచ్చేలా చూసుకుంటూ హార్లన్ కుర్చీలోనే కూర్చుంది. ఇవాళ పొద్దున తొమ్మిదింటికి కళ్ళు మూతలుపడ్డాయి. పదకొండున్నరకి లేచి మూత ఎత్తితే పీపా ఖాళీ. భోజనం మధ్యాహ్నం రెండింటికి.

"ఎవరూ ఏదీ ముట్టుకోకండి!" అంటూ లాంబర్ట్ పీపా ముట్టుకుని, చెయ్యి కాల్చుకుని, వేళ్ళు ఊదుకున్నాడు. "ఆహా! నిప్పుల పెట్టెకి గాలి తలుపు మూసి ఉంది. పోతూ పోతూ నిప్పు ఆర్పేసి పోయాడు. ఎంత కర్కోటకుడు!"

"నిప్పు ఆర్పి పోయే దొంగేమిటండీ?"

"అగ్నిప్రమాదాలంటే భయపడేవాడు. రాసుకోండి."

"నేనెందుకు రాసుకోవాలి?"

"నా పెన్ను జేబుతో పాటు పోయింది."

తీవ్రమైన ఆలోచనకి ఆసనం కావాలంటూ అతను చెట్టు కింద ఐస్ పెట్టె మీద కూలబడ్డాడు. పక్కన గడ్డిలో వరసగా నిలబెట్టి ఉన్న సోడాల్లో ఒకటి తీసి గుక్కెడు తాగాడు. ముఖం చిట్లించాడు.

"ఇదేమిటమ్మా, సోడా సూపులా ఉంది! మీ ఇంట్లో వీటిని ఐసులో పెట్టరా?"

వెర్నెల్ వినిపించుకోలేదు. ఆమె చూపు ఖాళీ పీపా మీదే ఉంది.

అంతలో వీధిలో పికప్ ఆగింది. ఎమ్మెట్ దిగి పెరట్లోకి వచ్చాడు.

"నిలబడు! బూట్లు చూపించు. బూడిద! చొక్కా వాసన చూడనీ. ఓక్ పొగ!" అన్నాడు లాంబర్ట్, కూర్చున్నచోటి నుంచే అతని చొక్కా అంచు లాగి.

"శనివారం పూట ఈ జిల్లాలో పొగ వాసన రానివాడు కనిపిస్తే వాణ్ణి పట్టుకో," అన్నాడు ఎమ్మెట్.

లాంబర్ట్ తన చేతిని వాసన చూసుకున్నాడు. కాసేపు తనను తానే అనుమానించి, సాక్ష్యాలు చాలక వదిలేశాడు.

"పొద్దున జాకెట్ వేసుకుని ఈ గేటు దగ్గర తచ్చాడావు. మా కిటికీలోంచి చూశాను. ఇప్పుడు ఒంటి మీద లేదు. ఏదీ?"

"ఎండెక్కింది."

వెర్నెల్ తలతిప్పింది. "నువ్వే తీశావా ఎమ్మెట్?"

ఎమ్మెట్ టోపీ అంచు సర్దుకున్నాడు. ఆ ఊళ్ళో ఒకరి ట్రాక్టరు ఇంకొకరు అడగకుండా తోలుకుపోవచ్చు. ఒకరి కుక్కకి ఇంకొకరు అన్నం పెట్టుకోవచ్చు. పొయ్యి మూత మాత్రం అడగకుండా ఎత్తకూడదు. దాని మీద మాటలు మానుకున్న అన్నదమ్ములున్నారు.

"దొంగననుకుంటే అనుకో వదినా. కాస్సేపాగితే నీకే తెలుస్తుంది."

"పొయ్యి కోసం కుట్ర!" లాంబర్ట్ గొంతు లేచింది. "నాకు ఒళ్ళు వేడెక్కుతోంది! కేసు కొలిక్కి వచ్చేముందు నాకిలా అవుతుంది. ఇప్పుడైతే సరిగ్గా కూర్చున్నచోటే కాలుతోంది!"

"లాంబర్ట్, అక్కణ్ణుంచి లే," అన్నాడు ఎమ్మెట్ కంగారుగా.

"బెదిరింపా?" లాంబర్ట్ లేవడమేమిటి, పెట్టె మీదకెక్కి నిలబడ్డాడు. "నిందితుడా! నీ గుట్టు నా అరికాలి కింద ఉంది! ఈ చూపుడువేలు గనక ఒక్కసారి..."

వేలు ముందుకు చాచేసరికి పెట్టె ఒరిగింది. అతను సోడాల మధ్య వెల్లకిలా పడ్డాడు. పెట్టె మూత తెరుచుకుని, నీలం జాకెట్ చుట్టిన మూట ఒకటి దొర్లుకుంటూ వెర్నెల్ కాళ్ళ దగ్గర ఆగింది.

జాకెట్ విప్పింది. లోపల తువ్వాళ్ళు. వాటి లోపల కొవ్వుతో తడిసిన గోధుమరంగు కాగితం. వేడి ఆమె ముఖానికి తగిలింది.

"అప్పటికే మాంసం లోపల రెండు వందల మూడు డిగ్రీల ఫారెన్‌హీట్, ఉడికిపోయింది," అన్నాడు ఎమ్మెట్ నేలకేసి చూస్తూ. "ఇంకాసేపు వదిలితే ఎండిపోయేది. ఐసు పారబోసి, వేడి పోకుండా మూటగట్టి అందులో పెట్టాను. లేపుదామనే వచ్చాను వదినా. అన్నయ్య కుర్చీలో అలా పడుకునుంటే చేతులు రాలేదు."

"మూత ఎత్తావన్నమాట."

"ఎత్తాను."

"అడక్కుండా."

"అడక్కుండానే."

వెర్నెల్ కత్తి తెచ్చింది. నల్లటి పైపొర కింద పొగ పట్టిన ఎర్రటి గీత. పెన్సిలంత మందాన ముక్క కోసి వేలి మీద వేసుకుంది. అటూ ఇటూ వాలింది గానీ తెగలేదు. సరిగ్గా కుదిరిందనడానికి అదే గుర్తు. దాన్ని ఎమ్మెట్ చేతికిచ్చింది. అతను పొయ్యికేసి చూస్తూ చాలాసేపు నమిలాడు.

"ఉప్పు చిటికెడు తగ్గింది," అన్నాడు.

హార్లన్ వండినప్పుడూ, ఇరవై ఏళ్ళుగా, అతను అన్నది ఆ ఒక్క మాటే.

వెర్నెల్ మాంసాన్ని మళ్ళీ కాగితంలో చుట్టింది.

"కట్టెలు అయిపోయినట్టున్నాయి," అన్నాడు ఎమ్మెట్. "సోమవారం ఒక బండెడు తెచ్చి ఇక్కడే దింపుతాను."

"కేసు ముగిసింది!" గడ్డిలోంచి లాంబర్ట్ ప్రకటించాడు. "సాక్ష్యం చల్లారిపోకుండా మొదటినుంచీ నేనే దానిమీద కూర్చున్నాను!"

వెర్నెల్ జాకెట్ దులిపి మరిదికిచ్చింది. "దింపు. ఇంకోసారి అడక్కుండా మూత ఎత్తావో, నిన్ను లాంబర్ట్ గారికి అప్పగిస్తాను."

"అంత శిక్ష వద్దు వదినా," అన్నాడు ఎమ్మెట్. "షెరీఫ్ కి చెప్పు చాలు."