చెప్పుల గుట్ట కింద కొత్త మరుగుదొడ్డి

దియెంగ్ కొండల కింది బస్టాండులో ఆ ఉదయం దర్సోనో పెట్టుకున్న పని ఒక్కటే. పది గంటలకు పలుపి టీచరు చక్రాల కుర్చీలో వస్తుంది. అతను రూపొందించిన కొత్త మరుగుదొడ్డిలోకి ఎవరి సాయమూ లేకుండా వెళ్ళి రావాలి. వస్తే జిల్లా అంతటా ఇదే నమూనా. కుర్చీ మీద ఎవరైనా చెయ్యి వేశారా, మరుగుదొడ్డితో పాటు మూడేళ్ళ శ్రమా మరుగున పడినట్టే.

కుర్చీలో కూర్చున్నా మోకాళ్ళు కిందికి దూరేలా చేతులు కడుక్కునే తొట్టి, ఒళ్ళంతా ఆనించినా కదలని కమ్మీలు, ముట్టకుండానే నీళ్ళిచ్చే కుళాయి, అన్నీ సిద్ధం. బోర్డు మాత్రం రంగు ఆరక గోడెక్కలేదు. కాపలామనిషి తుమిరా నేలను ఎంత తుడిచిందంటే, అందులో తన ముఖం చూసుకుని తనే మొహమాటపడింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, మరోసారి తుడవడానికి లోపలికెళ్ళింది.

అంతే! క్యాబేజీల వ్యాపారి ఆ జత పక్కన తన జత విడిచాడు. తరవాతివాడు రెండు జతలూ చూశాడు. చెప్పులు విడవమని ఎవరూ చెప్పలేదు, చెప్పులే చెప్పాయి.

వ్యాపారి తడి చేతులకేసి చూసుకుంటూ బయటికొచ్చాడు. "చెయ్యి చాపానంతే... నీళ్ళు వాటంతటవే వచ్చేశాయి!"

అప్పుడే బస్సు దిగిన పెళ్ళివారు ఆ మాట విన్నారు. "ఏదో మహిమ గల నమాజు గది!" అని గుసగుసలాడి, నలభై మందీ నలభై జతలు విడిచారు, సరిగ్గా కుర్చీ ఎక్కాల్సిన వాలుదారి మీద.

పదికి ఐదు నిమిషాలుంది. దర్సోనో వాలుదారి మీదికి వంగాడు. రెండు చంకల్లోనూ చెప్పులు ఇరికించుకుని పరుగందుకున్నాడు.

"చెప్పుల దొంగ! పట్టుకోండి!" పెళ్ళికొడుకు తాత అరిచాడు.

"దొంగను కాను తాతా! ఇది మరుగుదొడ్డి!"

"చంకలో మా చెప్పులు, నోట్లో ఈ మాటలా? ఇంత శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడుందిరా, స్వర్గంలోనా?"

"ఇక్కడే ఉంది పెద్దాయనా," అంది గుంపు వెనకనుంచి కుర్చీలోని పలుపి టీచరు. "అది మరుగుదొడ్డే. నాలాంటివాళ్ళకీ పనికొచ్చేలా కట్టారు. నీళ్ళు రావడం మహిమ కాదు, ఆ కుళాయికి కన్నుంది. దారిలో వీలుండదని ప్రయాణం రోజు నేను గుక్కెడు నీళ్ళు ముట్టను. ఇవాళ ఈయన్ని నమ్మి మూడు గ్లాసుల టీ తాగొచ్చాను. తొందరగా దారివ్వండి!"

తాత వంగి తన జత తీసుకున్నాడు. మిగతావాళ్ళూ, తుడవడం ముగించి బయటికొచ్చిన తుమిరా కూడా, వంగారు. వాలుదారి బయటపడింది. కుర్చీని ఎవరూ ముట్టలేదు.

నలభై మందీ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. లోపల నీళ్ళ చప్పుడైంది. కాసేపటికి పలుపి టీచరు తడి చేతులు దులుపుకుంటూ, ఒక్కతే, చక్రాలు తిప్పుకుంటూ వచ్చింది.

"ఇక్కడ ఇంకో గ్లాసు టీ ఎక్కడ దొరుకుతుంది?" అంది.

దర్సోనో కళ్ళు ఆ కుళాయిలాగే, ఎవరూ ముట్టకుండానే కారాయి.

అది మరుగుదొడ్డేనని ఇప్పుడు అందరికీ తెలుసు. అయినా వంతు రాగానే తాత చెప్పులు విడిచే లోపలికెళ్ళాడు. వాటికి కాపలాగా దర్సోనోను పెట్టాడు.