నిటారు నడుముకు నాలుగు మార్కులు

అసలు మనిషికి వంగడం ఎందుకండీ?

కాస్త స్థిమితంగా ఆలోచించండి. లోకంలో ఉన్న దిక్కుమాలిన చాకిరీ అంతా నేల మీదే ఉంది. కలుపు అక్కడే మొలుస్తుంది. జారిన తాళంచెవి అక్కడే పడుతుంది. మేజోళ్లు తొడుక్కోవాలన్నా, గోళ్లు తీసుకోవాలన్నా పాదాల దగ్గరికి మనమే దిగి వెళ్లాలి తప్ప అవి పైకి రావు. ఈ పీడ మొత్తాన్ని ఒక్క దెబ్బతో వదిలించే మార్గం వైద్యశాస్త్రం కనిపెట్టింది. వీపు పైభాగం నుంచి తుంటి ఎముక దాకా రెండు కడ్డీలు, పద్దెనిమిది మరలు. ఇక ఈ జన్మలో మీ చేత ఎవరూ వంగే పని చేయించలేరు!

నేనేదో గాలి కబుర్లు చెబుతున్నానని అనుకోకండి. మా ఊళ్లో నడిచే సాక్ష్యం ఉంది. ఆవిడ పేరు ఇసోయె.

మాది జపాను పడమటి తీరంలో తొత్తోరి ఇసుక నేల. ఇక్కడ పండేది రాక్యో, అదే, పచ్చడి పెట్టుకునే చిన్న ఉల్లి. మండుటెండలో వంగి ఒక్కో గడ్డనూ చేత్తో నాటాలి. మళ్లీ వానలు మొదలయ్యేలోగా వంగి పీకాలి. యాభై ఏళ్లు అలా వంగిన ఆడవాళ్లు డెబ్బై వచ్చేసరికి లేవడం మరిచిపోతారు. ఇసోయె మామ్మ చూపు ఇరవై ఏళ్లుగా నేల దాటి పైకి రాలేదు. మనుషుల్ని చెప్పులను బట్టి గుర్తుపట్టేది. పోస్ట్‌మన్ కొత్త బూట్లు కొన్న వారం ఆవిడ తలుపు తియ్యలేదు.

అయితే ఆ వంపు వల్ల ఆవిడకు కీర్తి కూడా వచ్చింది. మా దగ్గర మర్యాదంటే నడుము వంచడమే కదా! ఎదురొచ్చిన చిన్నకు, పెద్దకు, పిల్లికి, కరెంటు స్తంభానికి ఆవిడ ఎప్పుడూ వంగే ఉండేది. చూసి చూసి మునిసిపాలిటీ వారు ఆవిడకు మర్యాద పురస్కారం ఇచ్చారు. అందుకునేటప్పుడు ఆవిడకు అధ్యక్షుడి మొహం కనబడలేదు. బూట్లు మాత్రం బాగున్నాయని ఇంటికొచ్చి చెప్పింది.

కీర్తి సంగతి సరే, నొప్పి మాత్రం ప్రాణం తీసేది. యాభై అడుగులు వేస్తే చాలు, తోపుడు బండి మీద వాలిపోవలసిందే. అలాంటి మనిషిని యూనివర్సిటీ ఆసుపత్రిలో డాక్టర్ కుమెదా ఎనిమిది గంటలు నిలబడి నిటారు చేశారు. ఇంటికొచ్చిన రోజు వీధిలో ఆగి ఆవిడ సముద్రం వైపు చూసింది. "ఇంకా అక్కడే ఉందే," అంది. అని ఏడ్చింది. నొప్పి ముప్పాతిక వంతు పోయింది. ఇప్పుడు బండి లేకుండా రేవు దాకా వెళ్లి వస్తుంది. ఇందులో వ్యంగ్యం ఏమీ లేదు, ఆ సముద్రం ఆవిడకు నిజంగానే తిరిగొచ్చింది.

ఇక మిగతా వరాలు చూడండి. ఉల్లి నాటే చాకిరీ తప్పింది. పొలం గట్టున చేతులు వెనక్కి కట్టుకుని జమీందారులా నిలబడుతుంది. నేల మీద చాపలో కూర్చునే బెడద లేదు, కాబట్టి బంధువుల ఇళ్లలో గంటల తరబడి కూర్చోవలసిన పని కూడా లేదు. మరుగుదొడ్డిలో నొక్కితే చాలు అదే నీళ్లతో కడిగిపెట్టే మీట కనిపెట్టిన మహానుభావుడికి రోజూ ఒకసారి మనసులోనే దండం పెడుతుంది. బయటికి పెట్టలేదు పాపం, నడుము రాదు. ఎదురొచ్చిన వాళ్లకు తల మాత్రం ఆడించి వెళ్లిపోతుంటే, ఆపరేషన్ తరవాత మామ్మకు పొగరెక్కిందని ఊరంతా అనుకుంది. పురస్కారం వెనక్కి తీసుకోవాలా అని మునిసిపాలిటీలో చర్చ కూడా జరిగిందట.

మరి మేజోళ్లో? వాటికి చెల్లెలు ఫుసానో ఉంది. అరవై తొమ్మిదేళ్ల మనిషి, పక్క వీధిలోనే ఇల్లు, అక్క పాత నడుము ఎలా ఉండేదో అచ్చం అలాంటి నడుమే. రోజూ పొద్దున్నే వచ్చి అక్క కాళ్లకు మేజోళ్లు తొడిగి వెళుతుంది. ఎలాగూ ఆవిడ తల అక్క మోకాళ్ల దగ్గరే ఉంటుంది కనుక శ్రమ కూడా లేదు. దేవుడు కూర్చిన జోడీ అంటే అదీ!

ఇంత సుఖమైన ఏర్పాటులోకి పరిశోధన వచ్చి పడింది.

కుమెదా గారు ఆపరేషన్ చేసిన వందమందిని రెండేళ్ల తరవాత ఎలా ఉన్నారని అడిగి పెద్ద వ్యాసం రాస్తున్నారు. ఇరవై నాలుగు ప్రశ్నల ఫారం, ఒక్కో ప్రశ్నకు అయిదు మార్కులు. అద్దంలో మీరు మీకు నచ్చుతున్నారా, ఎంత దూరం నడుస్తున్నారు, మనసు ఉల్లాసంగా ఉందా, ఇలాంటివి. ఆ ఫారాన్ని డాక్టరు గారే రెండు చేతులతో, బాగా వంగి, రోగి చేతిలో పెడతారు. ఎనిమిది గంటలు మన కోసం నిలబడిన మనిషి ఎదురుగా వంగి నిలుచుంటే మూడు మార్కులు వెయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి చెప్పండి? మా ఊళ్లో మాడిన చేప పెట్టినా మహా రుచిగా ఉందనే అంటాం. ఇప్పటికి తొంభై తొమ్మిది మంది రాశారు, తొంభై తొమ్మిది మందీ అన్నిటికీ అయిదే వేశారు. నూరో మనిషి ఇసోయె మామ్మ.

ఆ రోజు ఫుసానో కూడా వెంట వెళ్లింది. తోడుకు కాదు, తనూ ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా తేల్చుకోవడానికి. వెళ్లే దారిలో ఒక్కటే అడిగింది: "నువ్వు ఏది రాస్తే నేను అదే నమ్ముతానక్కా. మొహమాటపడి రాశావంటే నా నడుము పోయినట్టే."

ఇసోయె ఇరకాటంలో పడింది. బాగుందని రాస్తే చెల్లెలు రేపే ఆపరేషన్ బల్ల ఎక్కుతుంది. అప్పుడు ఇద్దరూ నిటారే, మంచులో ఇద్దరివీ ఉత్త కాళ్లే. వద్దని రాద్దామా అంటే, తన మేజోళ్ల కోసం చెల్లెలికి సముద్రం లేకుండా చేసిన పాపిష్టి అక్క అవుతుంది. ఏది రాసినా సిగ్గే.

గదిలో డాక్టరు గారు ఉత్సాహంగా ఉన్నారు. ఆపరేషన్ కాగానే తీసిన ఎక్స్‌రే, ఇప్పటి ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి, రెండేళ్లలో తేడా రెండు డిగ్రీలకు మించలేదని ఫుసానోకు వివరించారు. తొంభై తొమ్మిదికి తొంభై తొమ్మిది మంది తృప్తి చెందారని కూడా చెప్పారు. ఇసోయె పెన్సిల్ పట్టుకుంది. అది వేళ్లలోంచి జారి కింద పడింది.

ముగ్గురూ దాన్ని చూశారు. ఇసోయె చూడటం తప్ప చెయ్యగలిగింది లేదు. డాక్టరు గారు వంగబోయి సగంలో నడుము పట్టుకుని ఆగిపోయారు. ఇరవై ఆరేళ్లు ఇతరుల వెన్నులు సరిచెయ్యడానికి బల్ల మీదికి వంగి వంగి ఆయన వెన్ను కూడా గూనిపడింది. చివరికి ఫుసానో కూర్చున్న చోటు నుంచే చెయ్యి చాపి పెన్సిల్ తీసిచ్చింది. ఆయన్ని ఎగాదిగా చూసి మెల్లిగా అడిగింది.

"మీ నడుమూ మాలాగే ఉందే. మీరెప్పుడు చేయించుకుంటున్నారు?"

ఆయన నవ్వేశారు. "నాకెక్కడ కుదురుతుందమ్మా? నేను వంగకపోతే ఆపరేషన్లు ఎవరు చేస్తారు?"

"నాకూ ఇసుకలో ఎనిమిది సాళ్లున్నాయండీ," అంది ఫుసానో.

ఇసోయె బల్ల మీదికి వంగలేదు కాబట్టి ఫారాన్నే కళ్ల ముందుకు ఎత్తుకుని వరసగా అయిదులు చుట్టుకుంటూ పోయింది. చివరి ప్రశ్న దగ్గర ఆగింది. మళ్లీ అదే అవస్థ వస్తే ఇదే ఆపరేషన్ చేయించుకుంటారా? చెల్లెలి వైపు ఒకసారి చూసి నాలుగు చుట్టింది.

నాలుగు! అయ్యా, మా ఊళ్లో నాలుగంటే ఏమిటో మీకు తెలియదు. మొహం మీద ఉమ్మినా అంతకంటే మర్యాదే. ఆసుపత్రిలో మూడు మీటింగులు జరిగాయి. మామ్మను మళ్లీ పిలిపించి ఎక్స్‌రేలు తీశారు. పద్దెనిమిది మరలూ ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ఆ రెండు డిగ్రీల వల్లే ఒక మార్కు పోయి ఉంటుందని జూనియర్లు తేల్చారు. ఫుసానో మాత్రం నాట్లయ్యాక చూద్దామని ఇంటికి వచ్చేసింది. ఆసుపత్రి పుస్తకంలో ఆవిడ పేరు పక్కన "నిరాకరించారు, కారణం తెలియదు" అని రాసుకున్నారు. కారణం చెప్పినప్పుడు ఆ గదిలో ఉన్న డాక్టరు గారే రాశారు.

వారం తరవాత మంచు పడుతున్న ఒక పొద్దున డాక్టరు గారు తీపి బిళ్లల పెట్టె పట్టుకుని మామ్మ ఇంటికి వచ్చారు. చాప మీద మోకాళ్లు ఆనించి, మూడు విడతలుగా కిందికి దిగి, నుదురు నేలకు తాకించారు. మా వల్ల ఎక్కడ లోటు జరిగిందో చెప్పమని వేడుకున్నారు.

ఇసోయెకు ఏడుపొచ్చింది. అంతటి మనిషి కాళ్ల దగ్గర ఉంటే తను స్తంభంలా పైన నిలబడింది. కూర్చోలేదు, ఎదురు దండం పెట్టలేదు. డెబ్బై నాలుగేళ్లలో ఇంత అమర్యాద ఎన్నడూ చెయ్యలేదు. పైగా ఆ రోజు ఫుసానోకు జ్వరం, రాలేదు. ఉత్త కాళ్లు గడ్డకట్టుకుపోతున్నాయి.

"డాక్టరు గారూ," అంది చివరికి, "ఎలాగూ కిందే ఉన్నారు. ఆ మేజోళ్లు కాస్త నా కాళ్లకు తొడుగుతారా?"

ఆయన తలెత్తి పాదాలు చూశారు, పక్కనే పడి ఉన్న మేజోళ్లు చూశారు. ఒకటి తొడిగారు. రెండోది చేతిలో పట్టుకుని ఉండిపోయారు.

"ఇన్నేళ్లలో ఈ సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదేమమ్మా?"

"ఫారంలో లేదు కదండీ," అంది ఇసోయె, రెండో కాలు ముందుకు పెడుతూ.